ఆఫీసు రైడ్‌కీ, ఆదివారం మట్టి రోడ్లకీ ఒక్క హెల్మెట్ సరిపోతుందా?

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తం చదివా. బెంగళూరులో కుందలహళ్ళి గేటు నుంచి బెళ్ళందూరు ఆఫీసుకి రోజూ హైబ్రిడ్ సైకిల్ మీద, రానూపోనూ ఓ 18 కిలోమీటర్లు. ఆదివారాలు ఫ్రెండ్ కారులో సైకిళ్ళు వేసుకుని దేవనహళ్ళి దాటాక నంది కొండ చుట్టుపక్కల మట్టి రోడ్లు. తల చుట్టుకొలత 59 సెంటీమీటర్లు, బడ్జెట్ 4 వేలు. రోడ్ హెల్మెట్టా, ఎంటీబీ (మౌంటెన్ బైక్) హెల్మెట్టా, గిన్నె బోర్లించినట్టుండే అర్బన్ హెల్మెట్టా, లేక రెండు పన్లకీ రెండు కొనాలా అని అడిగావు. మీ చెల్లికి కూడా ఒకటి చూడాలి, తనది పెద్ద జడ అన్నావు. చివర్లో మెల్లగా "ఇంట్లో బైక్ హెల్మెట్ ఉంది కదన్నా, అదే పెట్టుకుంటే?" అని ఒక ముక్క వదిలావు చూడు, ముందు దానికే చెప్తా, ఎందుకంటే 2013లో మొదటి సైకిల్ కొన్నప్పుడు నేనూ అదే పని చేశా.

నాది ఐఎస్ఐ మార్కున్న ఫుల్ ఫేస్. బైక్ మీద పడితే కాపాడే మంచి హెల్మెట్టే, దాన్ని తప్పు పట్టట్లేదు. కానీ సైకిల్ మీద ఇంజనూ మనమే, రేడియేటరూ మనమే. మారతహళ్ళి బ్రిడ్జి దగ్గరికి వచ్చేసరికి అద్దం లోపల ఆవిరి పట్టేసి, చెమట కళ్ళలోకి కారి, వెనకొచ్చే బస్సు హారన్ ఎక్కడో బావిలోంచి వినపడ్డట్టు ఉండేది, కిలో పైన బరువు కదా సాయంత్రానికి మెడ పట్టేసేది. మూడో వారానికి హెల్మెట్ ఇంట్లో మేకుకి, నేను ఉత్త తలతో రోడ్డు మీద. సైకిల్ హెల్మెట్ మామూలుగా 250 నుంచి 350 గ్రాములు ఉంటుంది, ఆ తేడా ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమైంది. రోజూ తల మీద ఉండేదే హెల్మెట్టప్పా, అందుకే నేను ఏది సజెస్ట్ చేసినా ముందు ఆ లెక్క చూసుకునే చేస్తా.

ఇంక అసలు సంగతి. నీకు ఒక్కటి చాలు. ఎంటీబీలో ట్రయల్ హెల్మెట్ అంటారే ఆ టైపు, వెనక వైపు తల కింది భాగం దాకా దిగి ఉండేది, ముందు టోపీ అంచులా ఉండే విజర్ ఊడదీసుకునే వీలున్నది చూడు. మోడల్ పేరు మాత్రం అడగొద్దు. నీ తల నేను చూళ్ళేదు, నాకు అతికినట్టు కూర్చున్నది నీకు బుట్టలా ఊగొచ్చు.

ఎందుకు ఈ టైపే అంటున్నానంటే, మనం ఎక్కడ ఎలా పడతామో ఒకసారి గుర్తు చేసుకో. ఔటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డులో మెట్రో పనులకి తవ్వి పోసిన కంకర, రాత్రికి రాత్రి మొలిచిన రంగు వెయ్యని హంపు, వాన పడ్డాక నున్నగా మెరిసే మ్యాన్‌హోల్ మూత, కడుబీసనహళ్ళి దగ్గర రాంగ్ సైడులో దూరే డెలివరీ కుర్రాళ్ళు. ఇక్కడ నేను చూసిన పడటాలన్నీ దాదాపు ఒకటే రకం, 12, 15 స్పీడులో ముందు చక్రం జారుద్ది, మనిషి పక్కకి పడతాడు, భుజం తగిలాక తల వెనక గానీ పక్క గానీ నేలకి కొట్టుకుంటది. మట్టి రోడ్డులో కూడా అంతే, కాకపోతే కింద తారు బదులు రాయి ఉంటది.

ఇక్కడే అందరికీ వచ్చే డౌటు ఒకటుంది. హెల్మెట్ లోపల స్టిక్కర్ మీద ఈఎన్ 1078 అని ఉంటది, అది యూరప్ వాళ్ళ స్టాండర్డు. లోపల డమ్మీ తల పెట్టి చదునైన ఇనప దిమ్మ మీదకి దాదాపు ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి వదుల్తారు, తగిలే టైముకి వేగం గంటకి 19.5 కిలోమీటర్లు ఉంటది, అప్పుడు డమ్మీ తలకి తగిలే దెబ్బ 250 జీ, అంటే భూమి ఆకర్షణకి 250 రెట్లు, దాటకూడదు. అమెరికా వాళ్ళది సీపీఎస్‌సీ, 1999 నుంచి అక్కడ అమ్మే ప్రతి సైకిల్ హెల్మెట్‌కీ కంపల్సరీ, వాళ్ళు 2 మీటర్ల నుంచి వదుల్తారు, వేగం 22 దాకా వస్తది, కాకపోతే 300 జీ వరకు ఒప్పుకుంటారు. ఇది చదవగానే "నేను 30లో పోతా కదా, 20కి టెస్ట్ చేసింది నాకెందుకు" అంటారు. నువ్వు 30లో పోతున్నా తల నేలకి గుద్దుకునే వేగం మాత్రం అది ఎంత ఎత్తు నుంచి పడిందన్నదాన్ని బట్టే ఎక్కువగా ఉంటది, ముందుకి పోయే వేగమంతా రోడ్డు మీద జారటంలో, మోకాలి చర్మం ఊడటంలో పోద్ది. సైకిల్ మీద కూర్చున్నప్పుడు నీ తల ఎంత ఎత్తులో ఉంటదో చూసుకో, ఆ ఒకటిన్నర మీటరు ఎందుకు పెట్టారో తెలుస్తది. అదే ఎదురొచ్చే కారుకో స్తంభానికో నేరుగా గుద్దితే ఈ లెక్కలేవీ పనిచెయ్యవు, దానికి ఏ సైకిల్ హెల్మెట్టూ హామీ ఇవ్వదు.

లోపలుండే తెల్లదో నల్లదో మెటీరియల్ మన టీవీ డబ్బాలో వచ్చే థర్మాకోలే, కాస్త గట్టిది, ఈపీఎస్ అంటారు. అది నలిగిపోవటమే దాని పని. దెబ్బలో ఉన్న జోరు మొత్తం అది నలగటానికి ఖర్చైపోయి తలకి తక్కువ చేరుద్ది. స్పాంజిలాగా మళ్ళీ లేవదు, అందుకే ఒక్క దెబ్బకే దాని ఆయుష్షు అయిపోద్ది.

నా కథ చెప్తా. 2019 జులై, నంది కింద ద్రాక్ష తోటల మధ్య దారి, ముందు రోజు వాన పడి ఎర్రమట్టి సబ్బులా ఉంది. స్పీడేమీ లేదు, పక్కనోడితో టిఫిన్ ఎక్కడ తిందామా అని మాట్లాడుతున్నా, ముందు టైరు జారింది, నేను వెనక్కి పక్కకి పడి తోట కంచెకి పాతిన రాతి కూసానికి తల కొట్టుకున్నా, సరిగ్గా కుడి చెవి వెనక. లేచి చూసుకుంటే హెల్మెట్ పైన వేలెడంత గీత, దాన్నిండా ఎర్రమట్టి, అంతే. ఏం కాలేదులే అని ఇంకో 20 కిలోమీటర్లు దాంతోనే తొక్కా, తెలివి చూడు. ఇంటికొచ్చి లోపలి ప్యాడ్లు పీకి కిటికీ దగ్గర వెలుతురులో పెడితే వెనకున్న గాలి రంధ్రం నుంచి అంచు దాకా వెంట్రుకంత సన్నని గీత. రెండు బొటనవేళ్ళతో కాస్త ఒత్తా. ఆ గీత నోరు తెరిచింది. డాక్టరు చూసి ఏం లేదన్నారు గానీ రెండ్రోజులు తలనొప్పి. అది రోడ్ హెల్మెట్, వెనక పైకి కట్ చేసినట్టు ఉండేది, దెబ్బ సగం హెల్మెట్ అంచు మీద సగం దాని కింద పడింది, ఇంకో రెండు సెంటీమీటర్లు కిందకి తగిలుంటే ఎలా ఉండేదో అని ఇప్పటికీ ఆ దారిలో పోతే ఆ కూసం వైపు చూస్తా. వెనక దిగి ఉన్న హెల్మెట్ కొనమని నేను అందరికీ చెప్పటానికి అదే కారణం.

ఇప్పుడు సైజు. దీని మీద ఎక్కువ టైం పెట్టు, బ్రాండు మీద కాదు. నీ 59 సరిగ్గా గోడ మీద పిల్లి లాంటి కొలత, చాలా కంపెనీలకి ఎం సైజు 55 నుంచి 59, ఎల్ సైజు 59 నుంచి 63, కాబట్టి ఆన్‌లైన్‌లో కళ్ళు మూసుకుని ఆర్డర్ పెడితే ఏదో ఒకటి తప్పుద్ది. ముందు మళ్ళీ కొలుచుకో, టైలర్ టేపు కనుబొమలకి ఒక వేలు పైనుంచి, వెనక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్న చోట మీదుగా. టేపు లేకపోతే దారం చుట్టి స్కేలు మీద పెట్టినా చాలు. తర్వాత షాపుకి పోయి ఎం, ఎల్ రెండూ పెట్టుకో.

పెట్టుకునే పద్ధతి కూడా చెప్తా, ఎందుకంటే మన సిటీలో సగం మంది హెల్మెట్‌ని నెత్తి వెనక్కి జార్చి పెళ్ళికొడుకు తలపాగాలాగా పెట్టుకుంటారు, నుదురంతా బయటే. కనుబొమలకీ హెల్మెట్ అంచుకీ మధ్య రెండు వేళ్ళే పట్టాలి. వెనకుండే బిగింపు డయల్ పూర్తిగా వదులు చేసి పెట్టుకో, తర్వాత తిప్పు. గడ్డం కింద పట్టీ పెట్టకుండానే ముందుకి వంగి తల అటూ ఇటూ ఊపు, పడిపోకూడదు. డయల్ మొత్తం బిగిస్తే తప్ప ఆగట్లేదంటే అది నీకు పెద్దది, కింద సైజుకి పో. చేత్తో హెల్మెట్‌ని పట్టుకుని పక్కకి తిప్పితే నుదుటి మీది చర్మం దాంతో పాటు కదలాలి, హెల్మెట్ ఒక్కటే జారితే కాదు. చెవి చుట్టూ పట్టీలు వీ ఆకారంలో వచ్చి ఆ ముడి చెవి తమ్మె కిందకి చేరాలి, గడ్డం పట్టీ కింద ఒక వేలు, మహా అయితే రెండు. నోరు బాగా తెరిచి ఆవలిస్తే హెల్మెట్ నెత్తిని కిందకి లాగినట్టు అనిపించాలి.

అన్నీ అయ్యాక అలాగే పెట్టుకుని షాపులో పది పదిహేను నిమిషాలు తిరుగు. సేల్స్ కుర్రాడు ఏమనుకుంటాడో అని మొహమాట పడొద్దు. తీశాక అద్దంలో చూసుకో. నుదుటి మీద ఎర్రటి మచ్చ పడి, చెవుల పైన ఖాళీ ఉంటే నీ తల ఆ హెల్మెట్ కన్నా పొడుగు, కణతల దగ్గర నొక్కేసి ముందూ వెనకా ఖాళీ ఉంటే నీ తల దానికన్నా గుండ్రం. రెండింట్లో ఏదైనా సైజు మారిస్తే తీరే జబ్బు కాదు, మోడలే మార్చాలి. మా ఇంట్లో అందరివీ గుండ్రటి తలలే, చిన్నప్పుడు నూనె రాసి గుండ్రంగా వచ్చేదాకా ఒత్తిన అమ్మమ్మల పుణ్యం, అందుకే కొన్ని యూరప్ బ్రాండ్లు నాకు జన్మలో పట్టవు. ఏషియన్ ఫిట్ అని రాసున్నవి పక్కలకి కాస్త వెడల్పుగా వస్తాయి, అవి కూడా ట్రై చెయ్యి.

రోడ్ హెల్మెట్ వద్దని కాదు. తేలిగ్గా ఉంటది, గాలి బాగా ఆడుద్ది, వంచిన హ్యాండిల్ బార్ పట్టుకుని వంగి తొక్కేవాళ్ళకి విజర్ అడ్డం లేకపోవటం సుఖం. నువ్వు హైబ్రిడ్ మీద నిటారుగా కూర్చుంటావు, ఆ అవసరం నీకు లేదు. గిన్నె టైపు అర్బన్ హెల్మెట్ తలని బాగానే కప్పుద్ది గానీ రంధ్రాలు తక్కువ, సిగ్నల్ దగ్గర నాలుగు నిమిషాలు నిలబడితే లోపల ఇడ్లీ పాత్రే. పైగా ఆ ఆకారంలో వచ్చేవాటిలో కొన్ని స్కేటింగ్ కోసం చేసినవి, సైకిల్ స్టాండర్డు ఉండదు, స్టిక్కర్ చూడకుండా తీసుకోకు. గడ్డం దాకా కప్పే ఫుల్ ఫేస్ ఎంటీబీ హెల్మెట్లు కొండ మీంచి సైకిల్ దూకించేవాళ్ళకి, ఊరి మట్టి రోడ్డుకి అది పెట్టుకుపోతే కుక్కలు కూడా వెంటపడతాయి.

విజర్ గురించి. ఎండ కోసం అనుకుంటారు గానీ నీ రూటులో పొద్దున నువ్వు పోయేది పడమర దక్షిణం వైపు, సాయంత్రం వచ్చేది దానికి ఎదురు, అంటే సూర్యుడు రెండు పూటలా దాదాపు నీ వీపు వెనకే. నీకు అది పనికొచ్చేది జూన్ నుంచి అక్టోబరు దాకా సాయంత్రం వానలో, కళ్ళజోడు ఉంటే మరీనూ. ఇంకా మట్టి దారుల్లో మొహానికి అడ్డం వచ్చే సర్కారు తుమ్మ కొమ్మలకి, లాంటానా పొదలకి. తల కొంచెం దించితే ముల్లు ముందు విజర్‌కి తగుల్తది. క్లిప్పులతో ఊడొచ్చే విజర్ తీసుకో, పడినప్పుడు అది నేలకి పట్టి తలని విరిచేట్టు గట్టిగా బిగించి ఉండకూడదు.

గాలి రంధ్రాలు లెక్కపెట్టి కొనకు. 18 అని రాసినవి 24 అని రాసినవి నాకు పెద్ద తేడా తెలీలేదు, లోపల తిరగేసి చూస్తే ముందు రంధ్రం నుంచి వెనక దాకా వేలు పట్టేంత కాలువ తవ్వినట్టు ఉండాలి, గాలి అందులోంచి పోద్ది. కాలువ లేకపోతే ఎన్ని రంధ్రాలున్నా గాలి లోపలికొచ్చి అక్కడే కూర్చుంటది. మా తోడల్లుడు చెన్నైలో ఉంటాడు, పొద్దున ఐదింటికే ఈసీఆర్ (సముద్రం ఒడ్డున పోయే రోడ్డు) మీద తొక్కుతాడు, ఆ ఉక్కకి తనకైతే ఫిట్ తర్వాత ఈ కాలువలే చూసుకోమంటా. మనం 900 మీటర్ల ఎత్తున ఉన్నాం, ఏప్రిల్ ఒక్కటీ దాటితే బతికిపోతాం.

మిప్స్ ఉండాలా అని అడుగుతావు, తెలుసు. కురిడీ కొబ్బరికాయ చెవి దగ్గర పెట్టుకుని తిప్పితే లోపల గుండు విడిగా తిరుగుద్ది చూడు, పక్కవాటంగా దెబ్బ తగిలితే పుర్రెలో మెదడు పరిస్థితి కూడా కొంత అలాంటిదే, పుర్రె టక్కున తిరుగుద్ది, మెదడు ఆలస్యంగా మెలి తిరుగుద్ది, ఆ మెలిక వల్లే నష్టం. మిప్స్ అనేది స్వీడన్ వాళ్ళది, తలకీ థర్మాకోల్‌కీ మధ్య పల్చటి ప్లాస్టిక్ పొర, చాలావాటిలో పసుపు రంగులో ఉంటది, దెబ్బ తగిలినప్పుడు హెల్మెట్ తల మీద 10, 15 మిల్లీమీటర్లు జరిగేలా చేసి ఆ తిప్పుడుని కొంత తగ్గిస్తది. వర్జీనియా టెక్ యూనివర్సిటీ వాళ్ళు 2018 నుంచి సైకిల్ హెల్మెట్లకి ఇలా ఏటవాలు దెబ్బలతో టెస్ట్ చేసి స్టార్లు ఇస్తున్నారు, ఫ్రీగా చూడొచ్చు, అందులో స్కోరు ఎంత తక్కువుంటే అంత మంచిది, స్టార్లు ఎక్కువుంటే మంచిది. అక్కడ గంట కూర్చుంటే నీకే తెలుస్తది, రేటు ఎక్కువున్నదల్లా పైన ఉండదు. నా మాట ఏంటంటే నీ బడ్జెట్‌లో గానీ ఓ వెయ్యి ఎక్కువలో గానీ తలకి సరిగ్గా కూర్చునే మిప్స్ హెల్మెట్ దొరికితే తీసుకో. సరిగ్గా కూర్చునేది మిప్స్ లేనిదీ, ఊగేది మిప్స్ ఉన్నదీ అయితే రెండో ఆలోచన లేకుండా మొదటిదే.

స్టిక్కర్ దగ్గర ఒక జాగ్రత్త. నాకొక షాపాయన ఒకసారి "ఇంపోర్టెడ్ సార్" అని అంటగట్టింది ఇంటికొచ్చి ప్యాడ్లు తీసి చూస్తే లోపల ఒక్క అక్షరం లేదు, బయట మాత్రం కార్బన్ డిజైన్. ఈఎన్ 1078 గానీ సీపీఎస్‌సీ గానీ లోపల అతికించి ఉండాలి, తయారైన నెల, సంవత్సరం కూడా. ఆన్‌లైన్‌లో ఉత్త "సీఈ సర్టిఫైడ్" అని రాసి వదిలేస్తారు, అది చాలదు, నంబరు చూడు. ఈఎన్ 397 అంటే బిల్డింగ్ పన్లో పెట్టుకునేది, ఈఎన్ 12492 అంటే కొండలెక్కేవాళ్ళది.

మీ చెల్లి సంగతి. తనని షాపుకి తీసుకుపో, జడ ఎలా వేసుకుని ఆఫీసుకి పోతుందో అలాగే వేసుకుని రమ్మను. జడ మెడ దగ్గర కింద నుంచి మొదలైతే వెనక డయల్ కింద నుంచి బయటికొస్తది, సమస్యే లేదు. నడినెత్తిన ముడి, పెద్ద క్లచ్ క్లిప్పు అయితే మాత్రం హెల్మెట్ పైకి లేచి కూర్చుంటది, పైగా తలకీ హెల్మెట్‌కీ మధ్య గట్టి ప్లాస్టిక్ ఉండటం అస్సలు మంచిది కాదు, పడితే అదే గుచ్చుకుంటది. మిప్స్ పొర అంచుల్లో పొడుగు జుట్టు ఒక్కో మోడల్‌లో చిక్కుకుంటది, పెట్టి తీసి పెట్టి తీసి చూసుకోమను.

వాడకం గురించి పెద్దగా ఏం లేదు. మన చెమటకి నెలకే పట్టీల మీద తెల్లగా ఉప్పు చారలు కట్టి అట్టలా బిగుసుకుపోతాయి, ప్యాడ్లు తీసి మామూలు సబ్బు నీళ్ళలో పిండు, పట్టీలు తడి గుడ్డతో తుడువు, నీడలో ఆరెయ్యి. పెట్రోలు, థిన్నర్ లాంటివి తగలనివ్వొద్దు, థర్మాకోల్ కరిగిపోద్ది. ఆదివారం రైడ్ అయ్యాక ఫ్రెండ్ కారు వెనక అద్దం కింద పడేసి అందరూ టిఫిన్‌కి పోతారు చూడు, ఆ ఎండకి లోపల కాలే వేడికి జిగురు ఊడి పై పెంకు బుడగలు లేస్తది, నాది ఒకటి అలాగే పోయింది. చేతిలోకి తీసుకుపో, టేబుల్ మీద చట్నీ పక్కన పెట్టుకో, ఎవరూ ఏమనరు. దెబ్బ తగిలితే ఆ రోజే రిటైర్ చెయ్యి, తగలకపోయినా ఐదేళ్ళ తర్వాత నేనైతే మార్చేస్తా.

ఇంకొకటి, డిసెంబర్లో తెల్లవారుజామున నంది దగ్గర చలికి మీ గ్యాంగ్‌లో ఎవడో ఒకడు ఉన్ని మంకీ క్యాప్ వేసుకుని దాని మీద హెల్మెట్ పెట్టుకుని దిగుతాడు, పక్కా. అంత మందం టోపీ మీద పెడితే నువ్వు షాపులో పదిహేను నిమిషాలు తిరిగి చూసుకున్న ఫిట్ మొత్తం గోవిందా, పల్చటి బఫ్ (మెడకి వేసుకునే గొట్టం లాంటి గుడ్డ) చెవుల మీదకి లాక్కుంటే చాలు, ఎక్కటం మొదలెట్టిన కిలోమీటరుకే అది కూడా తీసేస్తావు. ఈ శనివారం షాపుకి పోతే ఎం పట్టిందో ఎల్ పట్టిందో వచ్చి చెప్పు, 59 తల వాళ్ళు నన్ను ఇంకో ఇద్దరు అడిగున్నారు.